సౌజన్యం: ఇంటర్నెట్

నేను పుట్టింది 2019 మే నెలలో, తెనాలిలో ఒక పెంకుటింటి వసారాలో. కొత్తావకాయ జాడీకి వాసెన కట్టబోతున్న నాయనమ్మను "ఒక్క నిమిషం ఆగమ్మా" అని ఆపి, మా నాన్న కెమెరా మీట నొక్కారు. అలా పుట్టిన ఫోటోని నేను. నాన్నంటే నన్ను తీసిన ఫోటోగ్రాఫరే. నాలో చూడాల్సినవి రెండే: ముక్క మీంచి జారబోయి ఆగిన నూనె బొట్టు, జాడీ అంచున కుడివైపు లేచిపోయిన పెచ్చు. ఆ పెచ్చే తర్వాత నా తరఫున సాక్ష్యం చెప్పింది.

నన్ను తీయమని ఎవరూ డబ్బివ్వలేదు కాబట్టి నా మీద హక్కు నాన్నదే. పెళ్లి ఫోటోల సంగతి వేరు. ఇంకో రకంగా ఒప్పందం రాసుకోకపోతే, వాటి హక్కు డబ్బిచ్చి తీయించుకున్నవారిది. నన్ను రిజిస్టరు చేయించలేదు. ఆ అవసరమూ లేదు. పుట్టగానే 1957 నాటి కాపీరైట్ చట్టం నాకు గొడుగు పట్టింది. నాన్న ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఆ నీడ నాకుంటుంది.

మూలన తన పేరు వేసి నాన్న నన్ను సైట్‌లో పెట్టారు. ఏడాది తిరక్కుండా ఊళ్ల మీద పడ్డాను. ఒకరు దించుకున్నారు, మరొకరు వాట్సాప్‌లో పంపారు, ఒక వంటల పేజీవారు నా కింద "సౌజన్యం: ఇంటర్నెట్" అని వేశారు. ఆ ఇంటర్నెట్‌గారిది ఏ ఊరో, మా వసారాకి ఎప్పుడొచ్చారో నాకైతే తెలియదు!

అసలు దెబ్బ ఒక పచ్చళ్ల దుకాణం సైట్‌లో తగిలింది. నాన్న పేరున్న మూలను కత్తిరించి, అద్దంలో బొమ్మలా నన్ను కుడిఎడమలు తిప్పి, "మా ఇంటి ఆవకాయ, విదేశాలకు కూడా పంపబడును" అని రాశారు. పక్కనే పేరున్న నూనె కంపెనీ లోగో ఒకటి. ఫలానా నూనె వాడతామని ఉన్నమాట రాసుకుంటే 1999 ట్రేడ్‌మార్క్ చట్టం మామూలుగా అడ్డురాదు. ఆ కంపెనీయే తమ వెనకున్నట్టు కొనేవాళ్లు నమ్మేలా లోగో తగిలిస్తేనే తంటా.

ఫోటో ఇచ్చి ఫోటోను వెతికే సదుపాయంతో నాన్న నన్ను పట్టుకున్నారు. పెచ్చు ఎడమవైపు కనబడగానే నవ్వేశారు. ఫోన్ చేశారు.

"గూగుల్‌లో దొరికిందండీ, ఫ్రీయే అనుకున్నాం" అన్నాడు దుకాణదారు.

"సంతలో మామిడికాయలూ కళ్లెదురుగానే ఉంటాయి కదండీ, ఊరికే సంచిలో వేసుకుంటామా?" అన్నారు నాన్న.

ఆ తర్వాత చట్టం సంగతి నెమ్మదిగా చెప్పారు. తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. హక్కుదారు వివరాలను తెలిసి చెరిపేయడం 2012 సవరణ నుంచి విడిగా మరో నేరం. అవతలివారు ఆ సాయంత్రమే నన్ను తీసేసి, వాడుకున్న నెలలకు డబ్బు కట్టారు. కోర్టు గుమ్మం ఎవరూ ఎక్కలేదు.

నాన్న పిసినారి కాదు. మా చెల్లెలు గోంగూర ఫోటోను వికీమీడియా కామన్స్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఆయనే పెట్టారు. దాన్ని వ్యాపారానికైనా వాడుకోవచ్చు. తీసినవారి పేరు, లైసెన్సు పేరు వేయాలి. మార్పులు చేస్తే ఆ సంగతి చెప్పి, కొత్తదాన్నీ అదే లైసెన్సు కింద పంచాలి. వాణిజ్యానికి కాదని రాసి ఉన్న లైసెన్సులూ ఉంటాయి. అవి దుకాణాలకు పనికిరావు. సమీక్షకో, విమర్శకో, వార్తకో న్యాయంగా వాడుకోవడానికి చట్టం కొంత సందిచ్చింది. పేజీ అందంగా ఉండాలని పెట్టుకోవడం అందులోకి రాదు. అడగడానికి మాత్రం ఒక్క మెసేజీ చాలు.

ఆ దుకాణంవారు మరుసటి వేసవిలో నాన్ననే పిలిపించి, సొంత జాడీకి ఫోటో తీయించుకున్నారు. అదీ నాలాగే ఎర్రగా ఉంది. అంచున పెచ్చు లేదు, కింద నాన్న పేరుంది. డబ్బిచ్చి తీయించుకున్నారు గనక హక్కు మాత్రం వాళ్లదే.