సొరపాదుకు నిబంధనలు చదివి వినిపించండి

వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి చోటుండదు. మా మిద్దెతోటల సంఘం గ్రూపు ఆ గీత దాకా ఎప్పుడో నిండిపోయింది. ఇప్పుడు కొత్తవాళ్ళు చేరాలంటే లోపలివాళ్ళు గ్రూపునైనా వదలాలి, లోకాన్నైనా వదలాలి. కార్పొరేటర్ గారి చేత ఫోన్ చేయించుకుని చేరినవాళ్ళున్నారు. ఇంత తంటాలు పడి లోపలికొచ్చినవాళ్ళు ఏం చేస్తారయ్యా అంటే, రాగానే గ్రూపును మ్యూట్‌లో పెట్టుకుంటారు. మ్యూట్‌లో కూడా ఎనిమిది గంటలు, వారం, శాశ్వతం అని మూడు తరగతులున్నాయి. మావాళ్ళందరిదీ థర్డ్ క్లాసే.

గ్రూపు ఎందుకిలా చప్పబడిపోయిందో తేల్చడానికి ఈమధ్య సంఘం ప్రత్యేక సమావేశం పెట్టింది. కాలనీ పార్కులో షామియానా, అద్దె కుర్చీలు, మైకు, మిర్చిబజ్జీలు. ఏ లోటూ లేదు. వచ్చింది ఆరుగురం. అందులో ఒకాయన షామియానా డబ్బుల కోసం కూర్చున్నవాడు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, మనదగ్గర నడిచే 2001 నాటిది, సంఘం పెట్టుకోవాలంటే కనీసం ఏడుగురు ఉండాలంటుంది. ఆ లెక్కన ఆ రోజు మేం ఉన్న సంఘానికి సమావేశం జరుపుకోగలిగాం గానీ, సంఘమే లేకపోయుంటే పెట్టుకోలేకపోయేవాళ్ళం.

మైకు తెప్పించారు కాబట్టి, అధ్యక్షులవారు రెండడుగుల దూరంలో ఉన్న మాతో మైకులోనే మాట్లాడారు. సభ్యుల్లో పాల్గొనే స్ఫూర్తి అడుగంటిపోయిందన్నారు. మూలకారణాల్లోకి వెళ్ళాలన్నారు. ఇంతలో షామియానా ఆయన చెయ్యెత్తాడు. "సార్, మా మిద్దె మీద టమాటా పూత పూసింది పూసినట్టే రాలిపోతోంది. ఏం చెయ్యమంటారు?" ఎజెండాలో లేని అంశమని ఆయన్ని కూర్చోబెట్టి, జనం ఎందుకు మాట్లాడడం లేదన్న చర్చ కొనసాగించారు. గంటన్నర తర్వాత, సభ్యులను ఉత్సాహపరచడం కోసం మరో నాలుగు నిబంధనలు చేర్చాలని తీర్మానం ఏకగ్రీవంగా గట్టెక్కింది. టమాటా సంగతి బజ్జీల దగ్గర తేలింది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటాకి పూత నిలవదు. ఆకుపచ్చ నీడవల కట్టుకుని ఎండ తగ్గేదాకా ఓపిక పట్టడమే. ఇది చెప్పడానికి మైకు అవసరం పడలేదు.

ఇంతకీ మా నిబంధనల పత్రం చూడవలసిన వస్తువు. ప్రశ్నలు సోమ, గురువారాల్లో మాత్రమే అడగాలి. మంగళవారం విత్తనాల మార్పిడి. బుధవారం ఎరువులు. శుక్రవారం కోత ఫోటోలు. శనివారం అడ్మిన్ల సమీక్ష. ఆదివారం సెలవు. ఏ రోజైనా సరే పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకానే. ప్రశ్నతోపాటు కుండీ కొలతలు, మట్టిలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు ఎంతెంత పాళ్ళలో కలిపారు, మిద్దెకు ఏ దిక్కు నుంచి ఎన్ని గంటలు ఎండ పడుతుంది అన్నవి జతచేయాలి. బ్యాంకు వాళ్ళు ఇంటి అప్పుకు ఇంతకన్నా తక్కువే అడుగుతారు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది పదిహేడో నిబంధన. ఒకసారి చర్చించిన విషయాన్ని మళ్ళీ లేవనెత్తరాదు. పిండినల్లి మీద మా గ్రూపులో 2021లో చర్చ ముగిసింది. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టాలని తేల్చి, ఫైలు మూసేశారు. పిండినల్లికి ఆ సంగతి ఎవరూ చేరవేయలేదు. అది ఏటా మందారం మీదికీ వంగ మీదికీ వచ్చి కూర్చుంటోంది. ఏటా కొత్తగా కుండీలు కొన్నవాళ్ళెవరో ఆ తెల్లటి దూదిని చూసి హడలిపోయి ఫోటో పెడతారు. "పాత సందేశాలు వెతుక్కోగలరు" అని జవాబొస్తుంది. గ్రూపులో నిన్ననో మొన్ననో చేరినవాళ్ళకు 2021 నాటి సందేశాలు కనబడవన్నది వేరే సంగతి.

ఇరవై రెండోది ఇంకా ఘనమైనది. "థాంక్యూ", "మంచి సలహా", నమస్కారం బొమ్మ, చప్పట్ల బొమ్మ పూర్తిగా నిషేధం. గ్రూపు బరువెక్కుతుందని కారణం. ఒకప్పుడు మా గ్రూపులో ఒక రిటైర్డ్ వ్యవసాయాధికారి ఓపిగ్గా ఒక్కొక్కరికీ బదులిచ్చేవారు. ఆయనకు జీతమా, భత్యమా? ఎవరైనా రెండు చేతులు జోడించిన బొమ్మ పెడితే అదే ఆయన పెన్షన్. ఆ బొమ్మలు తీసేశాక ఆయన కూడా ఆగిపోయారు. కారణమేంటని సంఘం అన్వేషిస్తోంది.

అడ్మిన్లను ఆడిపోసుకోవడం సులువు. వాళ్ళ వైపు న్యాయం లేకపోలేదు. మొదట్లో ఏ నిబంధనా లేని రోజుల్లో నేనూ ఉన్నాను. పొద్దున లేస్తే ఉదయిస్తున్న సూర్యుడు, మధ్యలో గులాబీ, కింద సూక్తి. 2018లో గూగుల్ వాళ్ళే మన దేశపు ఫోన్లు ఇలాంటి శుభోదయాలతో నిండిపోతున్నాయని గమనించి, వాటిని ఏరి పారేసే ఏర్పాటు తమ యాప్‌లో పెట్టాల్సి వచ్చింది. శుభోదయాల తర్వాత షాద్‌నగర్ దగ్గర ఓపెన్ ప్లాట్లు. ప్లాట్ల తర్వాత షుగరుకు కాకరరసం. కాకర పేరు వినబడింది కాబట్టి ఇదీ మొక్కల విషయమేనని వాదన. ఎన్నికలొస్తే చెప్పనే అక్కర్లేదు, బీరకాయ గురించి మొదలైన మాట ఏదో ఒక పార్టీ దగ్గర తేలేది. కాబట్టి మొదటి మూడు నిబంధనలు పెట్టిన రోజు నేనే అడ్మిన్‌కు ఫోన్ చేసి మెచ్చుకున్నాను. ఆ మూడింటితో ప్లాట్లు పోయాయి, పార్టీలు పోయాయి. అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ నిబంధనలు రాయడంలో ఉన్న సుఖం మొక్కలు పెంచడంలో లేదు. మొక్కకు రోజూ నీళ్ళు పోయాలి. నిబంధన ఒకసారి రాస్తే చాలు, ఎండినా వానొచ్చినా దానంతటదే పెరుగుతుంది.

సభ్యులు మాట్లాడకపోవడం మా ఒక్కళ్ళ జాతకం కూడా కాదు. జేకబ్ నీల్సన్ అనే ఆయన 2006లోనే ఈ లెక్క చెప్పాడు. ఇలా నలుగురూ కలిసే చోట నూటికి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు ఒక మాట అంటారు, మిగిలిన ఒక్కడే ఎక్కువ భాగం మాట్లాడతాడు. మా 1,024కి ఆ లెక్క వేస్తే నోరున్నవాళ్ళు పది మంది తేలతారు. నిజంగానే పది మంది ఉండేవాళ్ళు. సంఘం చేసిన ఘనకార్యమేంటంటే, చురుగ్గా ఉన్నారని వాళ్ళలో ఏడుగురిని పిలిచి అడ్మిన్లను చేసింది. ఆ రోజు నుంచి ఆ ఏడుగురూ మొక్కల గురించి మాట్లాడడం మానేసి, మిగతా ముగ్గురి తప్పులు పట్టుకునే పనిలో పడ్డారు. ముగ్గురికి ఏడుగురు కాపలా. ఇంత కట్టుదిట్టం చర్లపల్లి జైల్లో కూడా ఉండి ఉండదు.

ఇక సొరపాదు కథ. కొత్తగా చేరిన ఒకావిడ, ఇంకా అమాయకత్వం వదలని మనిషి, సోమవారం సాయంత్రం ఏడింటికి ఫోటో పెట్టింది. "మా సొరపాదుకు పిందెలు వేలెడంత కాగానే పసుపు తిరిగి రాలిపోతున్నాయి. దయచేసి చెప్పండి." వేళ మించిందని తొలగించారు. 2022 నుంచి ఎవరి సందేశాన్నైనా అడ్మిన్ తీసేయగల సదుపాయం వచ్చింది కదా, మావాళ్ళ చేతిలో అది ఊరికే ఉండదు. గురువారం పట్టపగలు మళ్ళీ పెట్టింది. కుండీ కొలతలు లేవని తొలగించారు. కొలతలన్నీ రాసి ఆ పై సోమవారం పెట్టింది. ఈసారి ఫోటోలో పువ్వు వాడిపోయి ఉంది, స్పష్టమైన పువ్వు ఫోటో జతచేయాలన్నారు.

ఇక్కడ సొరపువ్వు స్వభావం కాస్త తెలియాలి. గుమ్మడిపువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, దానికి తేనెటీగలు వస్తాయి. సొరపువ్వు తెల్లది, పొద్దు వాలాక విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం కాచుకుంటుంది, మర్నాడు ఎండ ముదిరేసరికి వాడి ముడుచుకుపోతుంది. పాదుకు ముందు మగపూలు వస్తాయి, ఆ తర్వాతే ఆడపూలు. ఆడపువ్వును గుర్తుపట్టడం చాలా తేలిక, దాని కిందే బుల్లి సొరకాయ వేలాడుతుంటుంది. మగపువ్వు పుప్పొడి దానికి అందకపోతే ఆ బుల్లికాయ పసుపు తిరిగి రాలిపోతుంది. ఊళ్ళో పెరట్లో అయితే ఆ పని పురుగులు చేసిపెట్టేవి. నాలుగంతస్తుల మీద, చుట్టూ వీధిదీపాల నడుమ, అవి ఎప్పుడొస్తాయో చెప్పలేం. కాబట్టి విచ్చిన సొరపువ్వు ఫోటో తీయాలంటే రాత్రికే తీయాలి. తీసిన వెంటనే పెడదామంటే అయిదింటితోనే గ్రూపు తలుపులు మూసేస్తారు. మొక్క చేసిన నేరం ఇదే, దానికి ఆఫీసు వేళలు తెలియవు.

ఈ గొడవలోనే ఉన్న ముగ్గురిలో ఒకాయన ధైర్యం చేసి, "అమ్మా, ఆడపూలు తక్కువగా ఉంటే 3జీ కటింగ్ కూడా చేసి చూడండి" అని రాశారు. తీగ కొసలు తుంచి, పక్కకొమ్మల పక్కకొమ్మల దాకా రప్పిస్తే ఆడపూలు ఎక్కువొస్తాయని మిద్దెతోటల వాళ్ళందరూ చెప్పుకునే పద్ధతే అది. టెలికాం విషయాలు నిషిద్ధమని కొత్త అడ్మిన్ దాన్నీ తీసేశాడు. ఆయన్ని అడ్మిన్‌గా ఎందుకు పెట్టారని అడిగాను. సీసీ కెమెరాల వ్యాపారం ఉందట, నిఘాలో అనుభవం.

చివరికి ఆవిడకు జవాబు దొరికింది. పిట్టగోడ అవతల బట్టలారేస్తున్న పక్కింటి మామ్మగారు చెప్పారు. తమాషా ఏంటంటే మామ్మగారూ మా గ్రూపు సభ్యురాలే. చేరిననాటి నుంచి ఒక్క మాట రాసింది లేదు. "చూశానమ్మా, నీ ఫోటో తీసేసేలోపే చూశాను. నిరుడు ఎవరికో బెండమొక్కకు పేనుబంక పట్టిందని చెప్పబోతే, నా అర్హతలేంటో రాయమన్నారు. నలభై ఏళ్ళు పెరట్లో కాయలు కోశానని రాస్తే సర్టిఫికెట్ కాదుగా! నీ మిద్దె ఇక్కడి నుంచి కనబడుతూనే ఉంది, నువ్వు పైకొచ్చినప్పుడు పిలిచి చెబుదామని ఊరుకున్నా."

తెలిసినవాళ్ళు లేక కాదు మా గ్రూపు నోరు మూసుకున్నది. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, అడిగినవాళ్ళకల్లా విసుగు లేకుండా చెప్పి, మిద్దెతోట అన్న మాటను ఊరూరా తిప్పారు. ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరినీ కుండీ కొలతలు లేవని గుమ్మంలోంచి వెనక్కి పంపి ఉండరు. మా సంఘంలో ఆ మామ్మగారి లాంటివాళ్ళు ఎందరున్నారో తెలుసుకోవడానికి సంఘం దగ్గర ఒక్క మార్గమూ లేదు. నిబంధనలు తప్పినవాళ్ళ జాబితా మాత్రం తేదీలతో సహా ఉంది.

ఇవన్నీ అధ్యక్షులవారితో అంటే, ఆయన గొంతు తగ్గించి, "మీకు తెలియదండీ, గ్రూపులో ఎవరేం రాసినా అడ్మిన్‌ని లోపలేస్తారు" అన్నారు. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు, సభ్యుడు రాసినదానికి కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన అడ్మిన్ నేరస్తుడు కాడని చెప్పాయని గుర్తుచేశాను. ఆయన కాసేపు ఆలోచించి, "సొరకాయల విషయంలో ఇంకా స్పష్టత రాలేదు కదా" అన్నారు.

గ్రూపు వదిలి వెళ్ళేవాళ్ళ సంగతి మిగతావాళ్ళకు తెలియదు. అడ్మిన్లకు తప్ప ఎవరికీ చప్పుడు కాకుండా వెళ్ళిపోయే వీలు 2022 నుంచే ఉంది. నాలుగు మాటలు చెప్పగలిగినవాళ్ళు అలా ఒక్కొక్కరే జారుకుంటారు. ఆ ఖాళీలో సిఫార్సు ఉన్న మరో మౌని వచ్చి కూర్చుంటాడు. అంకె మాత్రం 1,024 దగ్గర చెక్కుచెదరదు. ఆ అంకెనే సంఘం వార్షిక నివేదిక అట్ట మీద బంగారు అక్షరాల్లో అచ్చేశారు.

ఇది చదివి మా గ్రూపులో చేరాలనిపించిన పాఠకులకు మనవి. ప్రస్తుతానికి ఖాళీల్లేవు. సొరపిందెలు రాలిపోతున్నవాళ్ళు మాత్రం సాయంత్రం పువ్వులు విచ్చే వేళకు మిద్దె ఎక్కండి. ఒక మగపువ్వు కోసి, రెక్కలు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెత్తగా అద్దండి. నాలుగు రోజుల్లో పిందె లావెక్కడం మీకే కనబడుతుంది. ఎవరికైనా చెప్పాలనిపిస్తే పిట్టగోడ దగ్గర చెప్పండి, గ్రూపులో అయితే శుక్రవారం దాకా ఆగాలి.