ఎనభై అయిదు డిగ్రీల భక్తి

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నిట్, ట్రుగనీనా వైపు, తెలుగువాళ్ళింటికి చుట్టపు చూపుగా వెళ్తే ఇదివరకు "టీ తాగుతారా, కాఫీనా?" అని అడిగేవారు. ఇప్పుడు "ఫస్ట్ ఫ్లష్ పెట్టమంటారా, సెకండ్ ఫ్లష్షా?" అంటున్నారు. అడిగే పెద్దమనిషి మొన్నటిదాకా అల్లం దంచి, పాలు పొంగించి, రెండు చెంచాల చక్కెర వేసుకుని ఊదుకుంటూ తాగినవాడే. సూట్‌కేసులో ఆవకాయ పక్కన త్రీ రోజెస్ పొట్లం ఇరికించి, విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ ముందు దేవుణ్ణి తలుచుకున్నవాడే. ఈమధ్యే నేపాలీ ఆకు టీ దీక్ష పుచ్చుకున్నాడు. ఇక పాల ఊసెత్తితే చాలు, "ఆకును హత్య చేస్తారా అండీ!" అని చెవులు మూసుకుంటున్నాడు.

ఆకు మీద నాకు పగేమీ లేదు. సరిహద్దుకు ఈ పక్క డార్జిలింగ్, ఆ పక్క నేపాల్‌లోని ఇలాం. కొండలూ మంచూ ఒకటే. 1863లో ఇలాం పాలనాధికారి గజరాజ్ సింగ్ థాపా అక్కడ టీ తోట వేయించాడు. బాగా చేసిన ఇలాం టీ పాలూ చక్కెరా లేకుండా తాగినా నోటికి హితవుగానే ఉంటుంది. నా తగువల్లా దాని చుట్టూ మనవాళ్ళు కట్టిన గుడితోనే.

ఆ గుడికి మొదటి మెట్టు కొనుగోలు. మనవాడు డబ్బా మీద వెతికేవి "హిమాలయన్", "ఆర్గానిక్", "సింగిల్ ఎస్టేట్". వాటి కింద ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ అని మన ఇంజనీర్ల డిగ్రీల కంటే పొడుగాటి బిరుదొకటి ఉంటే, ధర చూడకుండా కార్డు తీస్తాడు. ఆ అక్షరాలు ఆకు సైజునూ చిగుళ్ళ వన్నెనూ పొగుడుతాయి తప్ప రుచికి పూచీ పడవు. చూడవలసింది ఏ ఏడు, ఏ కాలంలో కోశారన్నది. మార్చి, ఏప్రిల్‌ల ఫస్ట్ ఫ్లష్ అనే లేత చిగురా, సెకండ్ ఫ్లష్ అనే మే, జూన్‌లదా, వానలు వెలిశాక కోసిందా? లేత కోత ఎంత ఖరీదైనా రెండేళ్ళు అటక మీద ఉంటే వాసనంతా పోయి గడ్డే మిగులుతుంది. "సింగిల్ ఎస్టేట్" అనగానే ఆయనకు కొండ మీద తెల్ల బంగళా, వరండాలో దొర కనిపిస్తారు. నేపాల్‌లో ఆకు పెద్ద భాగం చిన్న రైతుల చెలకల నుంచి బుట్టల్లో ఫ్యాక్టరీకి చేరుతుందని చెబితే, ఆయన ముఖం చిన్నబోతుంది.

అంతకు ముందు ఆయన డార్జిలింగ్ భక్తుడు లెండి. 2017లో గూర్ఖాలాండ్ ఉద్యమం కారణంగా ఆ కొండలు 104 రోజులు బంద్ పాటించాయి, తోటలు మూతపడ్డాయి. ఆ ఏడాది కూడా ఆయనింట డార్జిలింగ్‌కు కొదవ లేదు. నేపాల్ ఆకును తమ పేరుతో అమ్ముతున్నారని డార్జిలింగ్ తోటలవాళ్ళు ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నారు. అంచేత ఆయన మతం మారకముందే ఇలాం తీర్థం పుచ్చుకుని ఉండవచ్చు.

ఇక కాచడం. థర్మామీటరు, గ్రాములు తూచే కాటా, ఇసుక గడియారం, సీసా నీళ్ళు. మెల్‌బోర్న్ కుళాయి నీళ్ళు అడవుల్లోని జలాశయాల నుంచి వచ్చే మెత్తని నీళ్ళు. టీకి ఇంతకంటే ఏం కావాలి? కఠిన జలం తాగే అడిలైడ్‌వాళ్ళు వింటే ఏడుస్తారు. మనవాడు మాత్రం డబ్బు పోసి మరీ ఖనిజాలున్న సీసా కొంటాడు. "ఎనభై అయిదు దాటితే ఆకు మాడిపోతుంది" అని సిద్ధాంతం. ఇలాం బజారు సముద్రమట్టానికి ఇంచుమించు 1,200 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీళ్ళు 96 డిగ్రీల దగ్గర మరుగుతాయి. నల్ల టీకి ఆ నీళ్ళే పోస్తారు, ఆకు కాలిందని ఎవరూ ఫైరింజనుకు ఫోన్ చేయలేదు. గ్రీన్ టీకో, తెల్ల టీకో వేడి తగ్గించాల్సిందే. దానికి కెటిల్ మూత తీసి కాసేపు ఊరుకుంటే సరిపోతుంది. అన్నిటికంటే ముచ్చటైనది, విరగని నిండు ఆకు కోసం అంత సొమ్ము పోసి, చివరకు దాన్ని నిమ్మకాయంత స్టీలు జల్లెడ గోళీలో కుక్కడం! ఆకు విచ్చుకోవాలంటే చోటుండాలి. గిన్నెలో వేసి, మరిగిన నీళ్ళు పోసి, మూత పెట్టి, మూడు నిమిషాలాగి, అమ్మ ఇచ్చిన వడకట్టుతో వంచుకుంటే అయిపోయె. అదే ఆకులో ఇంకోసారీ నీళ్ళు పోసుకోవచ్చు. కానీ అందులో ఫోటోకు పనికొచ్చేదేముంది?

ఈ టీతో ఒళ్ళు శుభ్రపడుతుందనే డిటాక్స్ కబుర్ల సంగతి వదిలేద్దాం. ఆయన కాలేయం ఇన్నాళ్ళూ జీతం లేకుండా ఆ పనే చేస్తోంది.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో నేపాల్‌లో పుట్టినవాళ్ళు లక్షా ఇరవై వేలకు పైమాటే. ఇలాం టీ ఎలా తాగాలో వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళు, సందు చివర మోమోలమ్మే నేపాలీ కుర్రాణ్ణి ఒక్క మాట అడగరు. కొండల నిండాకు చాలావరకు ఎగుమతికే పోతుంది. అక్కడి ఇళ్ళలో మామూలుగా మరిగేది ఝాపా మైదానాల గుళికల్లాంటి సీటీసీ టీ పొడి. ఒకనాడు ఎందుకో మనవాడికి బుద్ధి పుట్టి అడిగాడు, "మీ ఇంట్లో టీ ఎలా పెడతారు బాబూ?" అని.

"పాలు, చక్కెర, కొంచెం అల్లం, అంకుల్."

మనవాడు జాలిగా ఆ పిల్లాడి భుజం తట్టి, "శనివారం మా ఇంటికి రా. మీ టీ ఎలా తాగాలో నేర్పిస్తా" అన్నాడు.