విశ్రాంతిలో తీరిక లేని పెద్దమనిషి

యూరప్‌లో రైళ్ళెక్కి ఒంటరిగా తిరిగే మనవాళ్ళలో కుర్రకారు ఒక రకం. వాళ్ళ సంగతి నాకక్కర్లేదు, వాళ్ళు స్టేషన్ బల్ల మీద బ్యాగు తలకింద పెట్టుకుని కూడా నిద్రపోగలరు. నేను చెప్పబోయేది బ్యాంకులో రిటైరై, మోకాళ్ళ నొప్పుల భార్యని విజయవాడలో వదిలి, ఒక్కడే బయల్దేరిన పెద్దమనిషి గురించి. లిస్బన్ నుంచి బుడాపెస్ట్ దాకా ఏ పెద్ద స్టేషన్లో చూసినా ఇలాంటాయన ఒకరు తగులుతారు. మెడలో పాస్‌పోర్టు సంచీ, కాళ్ళకి కొడుకు కొనిచ్చిన తెల్లబూట్లు, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. టిక్కెట్లన్నీ ఫోన్లో ఉన్నా ఫోల్డర్లో వాటి ప్రింటవుట్లు ఉంటాయి. జీవితమంతా వోచర్లు చూసిన కళ్ళు తెర మీది అక్షరాన్ని నమ్మవు.

షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండనివ్వరు. మామూలు మనుషులకి అదో నిబంధన. ఈయనకి అది భాగహారం. విమానం, రైలు పాసు, ఇన్సూరెన్సు, గదుల అద్దెలు అన్నీ కూడి, 90తో భాగించి, రోజుకి ఎంత పడిందో ఫోల్డరు మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసుకుంటాడు. ఆ అంకె తెలిసిన మనిషికి మధ్యాహ్నం కునుకెలా పడుతుంది? కన్ను మూస్తే ఆటో మీటరు తిరుగుతున్నట్టుంటుంది.

ఇలా నెలన్నర తిరిగాక, ఓ రాత్రి వీడియో కాల్లో ఆయన వాలకం చూసి డాలస్ నుంచి కోడలు, "మావయ్యగారూ, బాగా చిక్కిపోయారు. ఎక్కడైనా నాలుగు రోజులు ఊరికే ఉండండి" అంటుంది. కొడుకు అప్పటికప్పుడు స్లొవేనియాలో, బ్లెడ్ సరస్సు పక్కన గది బుక్ చేసేస్తాడు. రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని గది. తండ్రిని ఎలా కదలకుండా కూర్చోబెట్టాలో తెలిసిన కొడుకు.

బ్లెడ్ ఊరికే ఉండడానికే పుట్టిన ఊరు. ఆల్ప్స్ కొండల కింద చిన్న సరస్సు, చుట్టూ నడిచినా ఆరు కిలోమీటర్లే. నడుమ ఓ ద్వీపం, దాని మీద చర్చి. ఒడ్డున 130 మీటర్ల కొండకొమ్ము మీద కోట. ఇవన్నీ కుర్చీలోంచి లేవకుండానే కనిపిస్తాయి. సరిగ్గా అదే ఈయనకి నచ్చదు. కూర్చుని చూసినదాన్ని చూసినట్టు ఏ ఖాతాలో రాయడం?

అందుకని మొదటిరోజు తెల్లవారుజామునే లేచి, తెల్లకాగితం మీద స్కేలుతో గీతలు గీసి, పైన 'విశ్రాంతి' అని రాసి కింద అండర్‌లైన్ చేస్తాడు. ఆరు నుంచి ఏడు: బట్టలుతకడం. ఏడు నుంచి ఎనిమిది: ఫోటోల వడపోత. ఎనిమిదికి ఖర్చుల టాలీ. ఎక్కడో రెండు యూరోల పదిహేను సెంట్లు తేడా వస్తోంది, అది తేలితే గాని ప్రాణం నిమ్మళించదు. పది నుంచి పదిన్నర దాకా ఖాళీ. ఆ గడిలో కొంచెంసేపు ఆలోచించి, 'సరస్సు చూచుట' అని నింపుతాడు.

గదిలో ప్లగ్గు మంచం వెనకాల ఉంటుంది కాబట్టి రైస్ కుక్కరు నేల మీద, పాత 'ఈనాడు' పరిచి దాని మీద. పక్కన మూడు కవర్లు చుట్టిన గోంగూర పచ్చడి, హార్లిక్స్ సీసాలో కందిపొడి. కుక్కరు టక్కుమనేసరికి ఫోను మోగుతుంది. అక్కడ ఏడయితే విజయవాడలో పదిన్నర. "ఏవండీ, ఏం చేస్తున్నారు?" "విశ్రాంతిలో ఉన్నానే, అస్సలు ఖాళీ లేదు, సాయంత్రం చెయ్యి."

గది ఇచ్చిన ముసలమ్మ మరో చిక్కు. రోజూ సాయంత్రం పెరట్లో బెంచీ మీద కూర్చుని సరస్సు వైపు చూస్తుంది. చేతిలో అల్లిక లేదు, ఫోను లేదు, జపమాలైనా లేదు. గంటసేపు కిటికీలోంచి గమనించి, ఉండబట్టలేక కిందికి దిగి, "ఎవరైనా రావాలా అమ్మా?" అని అడుగుతాడు. లేదంటుంది. "ఒంట్లో బాగాలేదా?" బాగానే ఉందంటుంది. బెంచీ మీద కాస్త జరిగి చోటిస్తుంది. ఈయన కూర్చుంటాడు. బాతు ఒకటి పోతుంది. ఇంకొకటి పోతుంది. మూడోది వచ్చేలోపు లేచి, అరిగిపోయిన తలుపు బందుకి నూనె వేస్తే కిర్రుమనదని ఆమెకి సలహా ఇచ్చి, తనే వేస్తాడు.

రెండోరోజు ఊరి చరిత్ర చదువుతుండగా ఆయనకో గురువు దొరుకుతాడు. 1850లలో ఆర్నోల్డ్ రిక్లీ అనే స్విట్జర్లాండ్ పెద్దమనిషి ఈ ఊళ్ళో ప్రకృతి చికిత్సాలయం పెట్టాడు. వచ్చినవాళ్ళని తెల్లారకుండా లేపి, చెప్పుల్లేకుండా కొండల్లో నడిపించి, ఎండలో కూర్చోబెట్టి, తేలికపాటి శాకాహారం పెట్టేవాడు. ఆ సేవకి ధనవంతులు డబ్బులిచ్చి మరీ వచ్చేవారు. బ్లెడ్‌కి విహారకేంద్రంగా పేరు రావడంలో రిక్లీది పెద్ద చెయ్యి. చదువుతుంటే మన పెద్దమనిషి మొహం వెలిగిపోతుంది. విశ్రాంతి అంటే ఇలా ఉండాలి! మర్నాడు పొద్దున్నే తెల్లబూట్లు చేత్తో పట్టుకుని సరస్సు చుట్టూ నడుస్తాడు. మూడో కిలోమీటరు దగ్గర కంకర తగులుతుంది. మిగతా మూడూ బూట్లతో నడిచినా, వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆరూ వట్టికాళ్ళ నడకగానే నమోదవుతాయి.

ద్వీపానికి తీసుకెళ్ళే ప్లెట్నా అనే గుడారం పడవని సరంగు నిలబడి రెండు తెడ్లతో నడుపుతాడు. జనం నిండేదాకా కదలడు, పడవ అంచున కాళ్ళు చాపుకుని ప్లమ్ పండు కొరుకుతూ ఉంటాడు. రోజుకి ఎన్ని ట్రిప్పులు, మనిషికింత చొప్పున నెలకెంత మిగులుతుంది, పడవ మీద లోనుందా అని ఈయన అడుగుతాడు. సరంగు ఇంకో పండు తీసి ఈయనకిస్తాడు. ద్వీపంలో 99 మెట్లు. పెళ్ళిరోజున వధువుని ఎత్తుకుని పెళ్ళికొడుకు ఈ మెట్లన్నీ ఎక్కాలని ఆనవాయితీ. మోకాళ్ళ నొప్పుల భార్యని తీసుకురానందుకు ఆ ఒక్కచోట ఈయనకి ఊరట. పైన చర్చిలో 1534 నాటి గంట ఉంది, తాడు లాగి మోగించి కోరిక కోరుకుంటే తీరుతుందట. చాలామంది ప్రేమ కోరతారు. ఈయన అయిదేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా కోరతాడు.

దిగొచ్చాక క్రెమ్‌ష్నీటా తినాలి, 1953లో పార్క్ హోటల్లో మొదలైన కస్టర్డు, మీగడ మిఠాయి. యూరో నూరు రూపాయలకి అటూఇటూగా చేరడం ఈయనకొక్క మేలు చేసింది, నోటి లెక్క సులువైంది. లెక్క కట్టి, ముక్కని చెంచాతో అయిదు భాగాలు చేసి, ఒక్కో భాగం ఎంతో చూసుకుంటూ, కళ్ళు మూసుకుని తింటాడు. అది అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ ఫోను మోగినా ఎత్తడు, కాలు ఊపడు, వాచీ చూడడు. పట్టికలో దానికి గడి లేదు కాబట్టి అదేమిటో రాసుకోవాలని ఆయనకి తోచదు.

నాలుగో రాత్రి సామాను సర్దుతుండగా గ్రూపులో పాత బ్రాంచి సహోద్యోగి అడుగుతాడు: "గురువుగారూ, మేమూ వద్దామనుకుంటున్నాం. అక్కడ నాలుగు రోజులు బోరు కొట్టదా?"

ఈయన కళ్ళజోడు సవరించుకుని, ఒక్క వేలితో టైపు చేస్తాడు: "నాలుగు చాలవండీ. ఊపిరాడదు."