ముంజేతి కంకణానికి ఏజెంటు

మా మేనల్లుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొన్న ఆదివారం భోజనానికి వచ్చి, కంచం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచాడు. "చూడు మావయ్యా, నా క్రిప్టో వాలెట్లలో ఎంతుందో ఇక నేను చూసుకోనక్కర్లేదు, ఏఐ ఏజెంటే చూసి చెబుతుంది" అన్నాడు. అడిగాడు. ఏజెంటు ఆలోచనలో పడింది. ఏ టూల్ వాడాలో తేల్చుకుంటున్నానంది. టూల్‌ని పిలిచింది. టూల్ ఎక్కడో ఉన్న సర్వర్ని పిలిచింది. పప్పులో నెయ్యి పేరుకునేలోపు జవాబు వచ్చేసింది. పరీక్ష పాసైనట్టు వెలిగిపోయింది వాడి మొహం.

"మా బ్యాంకుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మెసేజ్ వస్తుంది కదరా" అన్నాను. అది పాతకాలమట.

సరే, కొత్తకాలం సంగతే చూద్దాం. ఇథీరియం అనే క్రిప్టో వ్యవస్థలో ఏ చిరునామాలో ఎంతుందన్నది రహస్యమేమీ కాదు. ఊరి చావడి గోడ మీద సుద్దతో రాసిపెట్టిన లెక్క అది. 42 అక్షరాల చిరునామా తెచ్చి ఈథర్‌స్కాన్ సైటులో అతికిస్తే దారిన పోయే దానయ్య కూడా చూడొచ్చు. పాస్‌వర్డు లేదు, ఫీజు లేదు. ఈ టూల్ చేసేదీ నోడ్‌ని, అంటే ఆ లెక్కల నకలు ఉంచుకున్న సర్వర్‌ని, ఆ ఒక్క ప్రశ్న అడగడమే. పైగా "మీ ప్రైవేట్ కీ మాకక్కర్లేదు" అని గొప్పగా చెప్పుకోవడం ఒకటి. గోడ మీది రాత చదవడానికి మన బీరువా తాళం అడగనందుకు దండం పెట్టాలి కాబోలు.

ఈ జాతర 2024 నవంబరులో మొదలైంది. ఏఐకి బయటి టూల్స్ తగిలించడానికి ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి తెచ్చింది. ఏఐకి అది యూఎస్‌బీ-సి పోర్టు లాంటిదన్నారు. మంచిదే. కానీ కన్నం కనబడగానే ఊళ్లో ప్రతి తీగా అందులో దూరాలనుకుంది. బిట్‌కాయిన్ బ్యాలెన్స్‌కు ఒక టూల్, సొలానాకు ఒకటి, ఇథీరియానికి బోలెడన్ని.

పోనీ, అంకె చదవడమైనా ఏజెంటుకు అచ్చొచ్చిన పనా? నోడ్ మనలా "రెండున్నర ఈథర్" అని చెప్పదు. హెక్సాడెసిమల్‌లో, వెయ్ అనే చిల్లర లెక్కన చెబుతుంది. ఇథీరియం సొంత నాణెమైన ఈథర్ ఒకటంటే 1 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని వెయ్‌లు. డాలరుకు ముడిపెట్టిన యూఎస్‌డీసీ నాణేనికి మాత్రం ఆరు దశాంశాలే. ఒకదాని భాగహారం ఇంకోదానికి చేస్తే లెక్క లక్ష కోట్ల రెట్లు తప్పుతుంది. టూల్‌లో ఆ భాగహారం కోడ్ చేస్తే గొడవ లేదు. అది కూడా ఏజెంటు వెనకున్న భాషా నమూనా నెత్తిన పెడితే, సున్నాలు లెక్కపెట్టడంలో మా వీధిలో చీటీలు నడిపే ఆవిడే నయం.

మామూలు మనుషుల మీద మాత్రం ఎంత కట్టడో! 2025 ఆగస్టు 1 నుంచి ఒక్కో యూపీఐ యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూసుకోకూడదని, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ హద్దు గీసింది. సర్వర్ల మీద భారం పడుతోందట. నెలాఖరు జీతగాడు చూసిందే చూస్తే భారం. ఏజెంటు అయిదు నిమిషాలకోసారి చూస్తే ఆటోమేషన్.

చూసిన అంకె మాత్రం డబ్బేనా? షిబా ఇను నాణెం పుట్టించినవాళ్లు అందులో సగం తెచ్చి, అడక్కుండానే ఇథీరియం సృష్టికర్తల్లో ఒకడైన విటాలిక్ బుటెరిన్ వాలెట్లో పోశారు. 2021 మేలో ఆయన వాటిలోంచి 50 లక్షల కోట్ల నాణేలు మన దేశపు కొవిడ్ సహాయ నిధికి ఇచ్చేశాడు. ఆ రోజు ధర ప్రకారం దాదాపు 100 కోట్ల డాలర్లు. ఆ వార్తతోనే ధర కూలింది.

అడక్కుండా పోసేవాళ్లు ఇప్పుడింకా ఎక్కువ. ఎవరి వాలెట్లోకైనా చిల్లర టోకెన్లు విసరొచ్చు, వాటికి నోటికొచ్చిన పేరు పెట్టొచ్చు. "బహుమతికి ఫలానా సైటుకు రండి" అన్నదే టోకెన్ పేరు! మనిషైతే నవ్వి ఊరుకుంటాడు. ఏజెంటుకు మాత్రం సమాచారమేదో ఆజ్ఞ ఏదో విడదీసుకోవడం కష్టం. దాని చేతికి డబ్బు పంపే అధికారం కూడా ఇచ్చామా, గోడ మీద ఎవడో బొగ్గుతో గీకిపోయింది చదివి యజమాని మాటే అనుకుంటుంది.

నాకు అన్నిటికంటే కడుపుమండేది వేరే ఉంది. ఆ గోడ మీద లెక్కలున్నాయి గానీ పేర్లు లేవు. ఇంత బహిరంగ వ్యవహారంలో మిగిలిన గుట్టు అదొక్కటే. మావాడు ఏజెంటుకు ఏం రాశాడో తొంగిచూశాను. "ఈ అయిదు వాలెట్లూ నావే, అన్నీ కలిపి ఎంతో చెప్పు." ఆ ముక్క మోడల్ కంపెనీ సర్వర్‌కు చేరింది. అయిదు చిరునామాలూ ఒకే వరసలో నోడ్ కంపెనీకి చేరాయి. సొంత పెళ్లానికి చెప్పని సంగతి! 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను వేస్తున్న ఆదాయపు పన్ను శాఖ వాళ్లు నోటీసులు పంపినా ఇంత శుభ్రమైన జాబితా వస్తుందనుకోను. మావాడు అడక్కుండానే ఇచ్చాడు, పైగా "ప్లీజ్" అని కూడా రాశాడు.

ఇంతకీ అయిదు వాలెట్లూ వెతికి ఏజెంటు తేల్చింది 11 యూఎస్‌డీసీ, సున్నా ఈథర్. ఇథీరియం మీద ఏ నాణేన్ని కదిలించాలన్నా ఫీజు ఈథర్‌లోనే కట్టాలి. కాబట్టి ఆ పదకొండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. గోడ దగ్గరికెళ్లి మీరూ చూడొచ్చు.