మా అత్తయ్య సెన్సారు బోర్డు

హాలోవీన్ రాత్రి అమెరికా వీధుల్లో దయ్యాలు తిరుగుతాయంటారు. మా ఇంట్లో మాత్రం అసలు భయం పిల్లలు తిరిగొచ్చాకే మొదలవుతుంది. ఇంటింటికీ తిరిగి దిండు గలీబు నిండా తెచ్చిన చాక్లెట్ల సరుకు కార్పెట్ మీద గుమ్మరించగానే, మా అత్తయ్య కళ్లజోడు సవరించుకుని, ఫోన్లో టార్చి వెలిగించి కూర్చుంటారు. చీమ తలకాయంత అక్షరాల్లో ఎక్కడైనా ‘జెలటిన్’ కనబడిందా, ఆ చాక్లెట్టుకి నూకలు చెల్లినట్టే. చిన్న రేపర్ల మీద చాలాసార్లు ఆ వివరాలుండవు. అప్పుడు మనవడు ఫోన్లో వెతికి చదివి వినిపించాలి. తనకిష్టమైనదైతే ఆ ఒక్క మాటా మింగేసి చదువుతాడని నా అనుమానం.

జెలటిన్ తీసేది జంతువుల తోలు, ఎముకల నుంచి. అందుకని గమ్మీ ఎలుగుబంట్లూ, స్టార్‌బర్స్టులూ మొదటి రౌండులోనే ఔట్. “పైకి ఎలుగుబంటి, లోపల ఆవు ఎముక! ఇదేం తిండమ్మా?” అని అత్తయ్య నావైపు చూస్తారు, ఫ్యాక్టరీ ఏదో మా పుట్టింటివాళ్లదైనట్టు.

ఇక క్యాండీ కార్న్. మొక్కజొన్న గింజ ఆకారంలో పసుపు, నారింజ, తెలుపు రంగుల్లో ఉంటుంది. 1880లలో పుట్టింది, 1898 నుంచి గోలిట్జ్ కంపెనీ తయారుచేసింది. అప్పట్లో దాన్ని కోళ్ల దాణా పేరుతో అమ్మేవారు. రుచి చూశాక ఆ పేరు మార్చాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాలేదు. తిట్టేవాళ్లు తిడుతూనే ఉంటారు, కొనేవాళ్లు టన్నులకొద్దీ కొంటూనే ఉంటారు. మామూలుగా అందులో జెలటిన్ ఉంటుంది. పైన ఆ నిగనిగ లక్కది. అవును, చార్మినార్ పక్కన లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. చెట్టు కొమ్మల మీద పురుగులు విడిచే జిగురుని శుద్ధిచేసి మిఠాయిలకి మెరుగు పెడతారు. ఈ సంగతి చెప్పినప్పుడు అత్తయ్య తన చేతి గాజులకేసి చాలాసేపు చూసుకున్నారు. “చేతికి వేసుకోవడం వేరు, నోట్లో వేసుకోవడం వేరు” అని తీర్పు చెప్పేశారు. అప్పీలు లేదు.

సెన్సారులో పోయిన సరుకంతా మర్నాడు మా ఆయన ఆఫీసు వంటగదికి వెళ్తుంది. మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ. పాసైన వాటిలోంచి ‘నాన్న టాక్సు’ ఎలాగూ ముందే కట్. మిగిలినవాటితో పిల్లలు కార్పెట్ మీద సంత పెడతారు. అక్కడ రీసెస్‌దే పైచేయి. ఒక్క రీసెస్ కావాలంటే రెండు కిట్‌క్యాట్‌లు వదులుకోవాలి.

నా ఓటూ దానికే. హెర్షీ చాక్లెట్ కంపెనీ వారి పాల డెయిరీలో పనిచేసిన హెచ్.బి. రీస్ 1928లో పెన్సిల్వేనియాలో మొదలుపెట్టాడు, చాక్లెట్ గిన్నెలో వేరుశెనగ ముద్ద. ఆయనకి పదహారుమంది పిల్లలు. ఇంట్లోనే అంత పెద్ద పరీక్షా మండలి ఉన్నాక రుచి కుదరక ఏంచేస్తుంది? పల్లీ పట్టీ కొరుక్కుంటూ పెరిగిన నాలుకకి ఆ ఉప్పగా తియ్యగా ఉండే ముద్ద అమెరికా సరుకులాగే అనిపించదు. పల్లీ పడని పిల్లలూ ఉంటారు. వాళ్లకోసం కొందరు గుమ్మంలో నీలాకుపచ్చ గుమ్మడికాయ పెట్టి బొమ్మలో, స్టిక్కర్లో ఇస్తారు. మంచి పని.

అయోవాలోని డిమోయిన్‌లో ఇంకో పద్ధతి ఉంది: చాక్లెట్ కావాలంటే పిల్లలు జోకు చెప్పాలి. 1930ల చివర్లో ఆకతాయి పనులు ఎక్కువైతే వాటిని మళ్లించడానికి మొదలైన ఏర్పాటట అది. జోకులు చాలావరకు ఘోరంగా ఉంటాయి. అయినా ఊరికే సంచీ చాపడం కన్నా ఇదే నయం.

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. మా గుమ్మంలో ఒకపక్క ప్రమిదలు, ఇంకోపక్క చెక్కిన గుమ్మడికాయ. ఆ రోజు ఒక బుల్లి డ్రాక్యులాకి అత్తయ్య రీసెస్‌తోపాటు మైసూర్‌పాకు కూడా ఇచ్చారు. వాడు అక్కడే తినేసి మళ్లీ వరసలో నిలబడ్డాడు.

వరండా దీపం వెలుగుతోందంటే ఆ ఇంట్లో చాక్లెట్లు పంచుతున్నారని ఇక్కడ లెక్క. దీపం లేని ఇంటి తలుపు పిల్లలు తట్టరు. ఏటా చిన్న డబ్బాల్లో కిస్‌మిస్‌లు పంచే మహానుభావులకి నాదొక్కటే మనవి: ఈసారి దయచేసి ఆ దీపం ఆర్పేసుకోండి.