పప్పు నానబెట్టమన్నది నేనే

హనుమాన్ టేక్డీలో మా సందు వరకు వాన సంగతి ఎవరికి కావాలన్నా నన్నే అడుగుతారు. ఈ పెద్దరికం నాకెవరూ కట్టబెట్టలేదు, నేనే నెత్తిన పెట్టుకున్నాను. పొద్దున్నే ఫోన్లో వాతావరణ కేంద్రం బులెటిన్ చూస్తాను. డాబా ఎక్కి గోల్కొండ దిక్కు ఓసారి, చాదర్‌ఘాట్ దిక్కు ఓసారి చూస్తాను. కిందికి దిగి తీర్పు చెబుతాను. అడపాదడపా అది నిజమయ్యేసరికి కోఠిలో నా అనుమతి లేకుండా చినుకు రాలదన్నంత ధీమా వచ్చేసింది.

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. గుళ్లో పంచాంగ శ్రవణం జరుగుతుంటే వెనక కూర్చుని లోలోపల నవ్వుకున్నాను. సముద్రం మీద ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని పాళ్లు, నేల మీద ఇన్ని పాళ్లు వాన అని పంతులుగారు ఏడాది లెక్క చదువుతున్నారు. రేపటి సంగతికే దిక్కులేదు, ఈయన సంవత్సరం సంగతి చెబుతున్నాడే అనుకున్నాను. ఆ వారంలోనే నేను చెప్పిన జోస్యం ముందు ఆయనది వెయ్యి రెట్లు నయం. ఆయన ఏ ఇంటి పేరూ ఎత్తలేదు. నేనైతే పక్కింటి పిన్నిగారి డాబాకు హామీ ఇచ్చాను.

వాతావరణ కేంద్రం వాళ్లు దాచిందేమీ లేదు. ఆ వారం ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో వానలు పడొచ్చని బేగంపేట నుంచి ముందే చెప్పారు. పేపర్లు వేశాయి. నేనూ చదివాను. చదివిన తీరులోనే ఉంది నా తెలివంతా.

బులెటిన్లో 'అక్కడక్కడ' అని ఉంటే, ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు ఎన్నున్నాయో వాటిలో పావు వంతు వరకు పడొచ్చని లెక్క. 'కొన్ని చోట్ల' అంటే సగం వరకు, 'చాలా చోట్ల' అంటే ముప్పావు వరకు. ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం? వాన పడే పావు వంతును ఊళ్లోవాళ్లకు వదిలేసి, మిగతా ముప్పావులో మా సందును భద్రంగా కూర్చోబెట్టాను. 'మోస్తరు వాన' అన్న మాటా అంతే. 24 గంటల్లో 15.6 మిల్లీమీటర్ల నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితే దాన్ని మోస్తరే అంటారు. ఆ పైఅంకె వాన రోజంతా తీరిగ్గా కురవకుండా గంటలో దిగిపోతే పుత్లీబౌలి ఏమవుతుందో, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఒకరు చెప్పాలా?

ఇక రంగులు. పసుపు రంగు వేస్తే ఓ కన్నేసి ఉంచమని, నారింజ వేస్తే సిద్ధంగా ఉండమని, ఎరుపు వేస్తే వెంటనే జాగ్రత్త పడమని అర్థం. నా లెక్కలో ఎరుపు తప్ప మిగతావన్నీ ఆకుపచ్చే.

బుధవారం సాయంత్రం పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి అడిగారు.

"ఏమయ్యా, బూడిద గుమ్మడికాయ తెప్పించాను. రాత్రికి పప్పు నానబెట్టనా, ఆగనా? వానంటున్నారట కదా."

"అది అక్కడక్కడేనండీ. మనదాకా రాదు. నిక్షేపంగా నానబెట్టుకోండి."

వంటింట్లోంచి మా ఆవిడ, "వస్తేనో?" అంది.

"వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నాను.

గుమ్మడి వడియాలంటే మాటలు కాదు. కాయ తరిగి, ఉప్పు చల్లి, మూటగట్టి, రాత్రంతా దానిమీద బరువు పెట్టి నీరు పిండాలి. మినప్పప్పు నానాలి, రుబ్బాలి. తెల్లారేసరికి అన్నీ కలిపి గుడ్డ మీద పెట్టేయాలి. ఒకసారి పప్పు నానిందంటే వెనక్కి తిరిగే దారి లేదు. ఇదంతా తెలిసే చెప్పాను ఆ మాట.

గురువారం, ఏప్రిల్ 3. పొద్దున చిటపటలాడే ఎండ. పిన్నిగారి డాబా మీద వడియాలు బారులు తీరాయి. నా జోస్యానికి నేనే మురిసిపోయి, గొడుగు లేకుండా ఆంధ్రా బ్యాంక్ దగ్గర పాత పుస్తకాలు చూడ్డానికి బయల్దేరాను. ఆ బ్యాంకు వేరే బ్యాంకులో కలిసిపోయి ఏళ్లయినా మాకు అది ఆంధ్రా బ్యాంకే. పుస్తకాలతను నీలం పట్టా సగం కప్పి, సగం మడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు.

"ఇంత ఎండలో పట్టా ఏంటి భాయ్? వాన పడుతుందంటావా?"

"నాకేం ఎరుక సాబ్. పడకపోతే మడత పెట్టుకుంట. పడితే నావన్నీ కాగితాలు."

నవ్వాను. ఆరోజు నేను విన్న వాతావరణ సూచనల్లోకెల్లా ఉత్తమమైనది అదేనని అప్పుడు తోచలేదు.

మధ్యాహ్నం మొదట గాలి లేచింది. దుమ్ము, ఫ్లెక్సీ ముక్కలు, ఎవరిదో చున్నీ. వెనకే వాన. పుస్తకాలతను పట్టా పూర్తిగా లాగి నాలుగు మూలలా రాళ్లు పెట్టేశాడు. నేను సుల్తాన్‌బజార్ మెట్రో స్టేషన్ కిందికి పరుగెత్తాను. మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చాయి వడియాలు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "చూద్దామన్నారుగా, వచ్చి చూడండి" అని పెట్టేసింది.

వచ్చి చూశాను. రుబ్బిన పప్పంతా డాబా తూములోంచి సందులోకి దిగిపోయింది. మిగిలిన ముద్దల్ని పిన్నిగారు పళ్లెంలోకి ఏరుతున్నారు. క్షమించమని అడిగి ఉంటే అక్కడికి సరిపోయేది. నా నోటి వెంట వచ్చిందేమిటో వినండి: "ఈ వాతావరణశాఖ వాళ్లను నమ్మకూడదు పిన్నిగారూ!"

ఆవిడ తల కూడా ఎత్తలేదు. "వాళ్లు పడుతుందనే చెప్పారు కదయ్యా. పడదన్నది నువ్వు."

అదే వానకు చార్మినార్ మీనారు మీది గచ్చు పెచ్చు ఒకటి ఊడి కింద పడిందని ఆ సాయంత్రం వార్తల్లో చూశాను. 1591 నాటి కట్టడానికే తప్పలేదు, వడియాలెంత అని మా ఆవిడతో అనబోయి, ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

వేసవి తొలినాళ్ల వాన వేషాలే వేరు. మార్చి, ఏప్రిల్ ఎండలకు నేల కాగిపోతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి, వాయవ్యం నుంచి పొడి గాలి వచ్చి ద్రోణి వెంబడి కలుస్తాయి. మధ్యాహ్నానికి వేడి గాలి పైకి లేచి క్యుములోనింబస్ మబ్బులు కడుతుంది. పది కిలోమీటర్లకు పైగా ఎత్తు పెరిగే ఆ మబ్బు అడ్డంగా మాత్రం కొద్ది కిలోమీటర్లే ఉంటుంది. గంటలో పుట్టి, కురిసి, చెదిరిపోతుంది. అందుకే నాంపల్లిలో కుండపోత అయితే మలక్‌పేటలో ఎండ కాయొచ్చు. అలాంటి మబ్బులకు అనువైన రోజులు ఏవో వాతావరణ కేంద్రం ముందే చెప్పగలదు. ఏ బస్తీ నెత్తిన కురుస్తాయో నాలుగు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. మబ్బు కట్టాకే రాడార్‌కు కనబడుతుంది. అందుకే వచ్చే మూడు గంటలకని విడిగా హెచ్చరికలు ఇస్తారు. పిడుగుల సంగతి చెప్పడానికి దామిని యాప్ ఉంది. ఇవన్నీ నా ఫోన్లో ఆరోజూ ఉన్నాయి. నేను చూసింది మాత్రం ఎండనే.

నా బుద్ధి ఎక్కడ గడ్డి తిన్నదో ఇప్పుడు తెలుస్తోంది. నేను వాన పడుతుందా పడదా అనే అడుగుతూ వచ్చాను. మా ఆవిడ, పుస్తకాలతను అడిగింది వేరు: పడితే పోయేదేమిటి? పట్టా పరిచినందుకు అతనికి పోయేది మడత పెట్టే శ్రమ. పప్పు వారం ఆగి నానబెడితే పిన్నిగారికి పోయేది వారం. అంత చవకైన జాగ్రత్తకు అడ్డుపడి, నా మాట నెగ్గించుకోవడానికి పరాయి ఇంటి పప్పును పందెం కాశాను.

పిన్నిగారికి కాయా పప్పూ కొనిచ్చాను. ఈసారి ఎప్పుడు నానబెట్టాలో ఆవిడ నన్ను అడగలేదు, మా ఆవిడను అడిగారు.

మీ సందులోనూ నాలాంటివాడు ఒకడుంటాడు. ఉరుముల వాన అని బులెటిన్లో చూసిన వారం వాడి మాట వినకండి, మబ్బు పట్టినప్పుడు చెట్టు కింద నిలబడకండి. ఆ సందులో వాడు మీరే అయితే, వాన పడుతుందా అని ఎవరైనా అడిగినప్పుడు జోస్యం చెప్పకండి. డాబా మీద ఏం ఎండబెట్టారో అడగండి.