ఇంటిపేరు పక్కన నిలబడే కామాకు బహిరంగ లేఖ

కామా,

నీతో నాకు పాత కక్షలేవీ లేవు. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సిన చోట నువ్వుంటే నాకే అభ్యంతరమూ లేదు. నా ఫిర్యాదంతా పరిశోధన వ్యాసాల చివర, ఉపయుక్త గ్రంథసూచిలో, రచయిత పేరును రెండు ముక్కలు చేసి మధ్యలో కూర్చునే నీ వేషం గురించే. పత్రికలకు వచ్చే పరిశోధన వ్యాసాలు దిద్దడం నా పని. కొన్ని వ్యాసాలు చదవడానికి పట్టిన సమయం కన్నా, వాటి చివర నిన్ను సరైన చోటికి జరపడానికే ఎక్కువ పడుతుంది.

నువ్వు అక్కడికి ఎందుకు వచ్చావో తెలియక కాదు. ఇంగ్లీషువాళ్లకు ఇంటిపేరు చివర ఉంటుంది. జాబితాను అక్షరక్రమంలో పెట్టాలంటే దాన్ని ముందుకు లాగాలి. లాగిన సంగతి చదివేవాడికి తెలియడానికి నిన్ను కాపలా పెట్టారు. డేవిడ్ షుల్మన్ 'షుల్మన్, డేవిడ్' అయ్యాడు, ఎవరికీ నష్టం లేదు. ఆయనతో కలిసి పుస్తకాలు రాసిన వెల్చేరు నారాయణరావు దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం అడ్డం తిరిగింది. ఆయన ఇంటిపేరు ఎప్పుడూ ముందే ఉంది, లాగడానికి ఏమీ లేదు. అయినా ఒక పుస్తకంలో 'రావు, వెల్చేరు నారాయణ' అని ఉంటుంది, ఇంకోదాంట్లో 'నారాయణరావు, వెల్చేరు' అని ఉంటుంది. ఇంగ్లీషు జాబితాలో ఒకే మనిషి ఒకచోట ఆర్ కింద, మరోచోట ఎన్ కింద. కొత్తగా పరిశోధనలోకి వచ్చిన పిల్ల రెండుచోట్లా వెతకాలని ఎవరు చెబుతారు?

ఇద్దరు పెద్దల పేర్లను నువ్వేం చేశావో చెబుతాను. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి మీద వ్యాసం రాశారు. దాన్ని ఉదహరించేవాళ్లు ఈనాటికీ 'సుబ్బారావు, వై.' అనే రాస్తారు. అంటే సొంత పేరు ఇంటిపేరు స్థానానికి ఎక్కింది, యల్లాప్రగడ వారి వంశమంతా ఒక్క 'వై'లో ఒదిగింది. ఆయన తన పేరును ఇంగ్లీషులో కలిపి రాసుకున్నారు కాబట్టి అంతటితో పోయింది. విడదీసి రాసుకుని ఉంటే 'రావు, వై.ఎస్.' అయ్యుండేవారు. కల్యంపూడి రాధాకృష్ణారావుకు జరిగింది సరిగ్గా అదే. సుబ్బారావు లెక్కన చూస్తే ఆయన 'రాధాకృష్ణారావు, సి.' కావాలి. కానీ సంఖ్యాశాస్త్రం చదివిన ప్రతివాడికీ ఆయన 'రావు, సి.ఆర్.'. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన రాసిన వ్యాసం నుంచి వచ్చిన సూత్రాలు రెండు. ఒకటి క్రామెర్-రావు, ఇంకోటి రావు-బ్లాక్‌వెల్. క్రామెర్‌దీ బ్లాక్‌వెల్‌దీ కుటుంబాల పేర్లు. మధ్యలో ఉన్న రావు మాత్రం కోస్తా నుంచి తెలంగాణ దాకా ఊరికి పదిమందికి ఉండే పేరుతోక. ఆయన గొప్పతనానికి లోటేమీ లేదు గానీ, కల్యంపూడి అన్న మాట ఎక్కడా మిగల్లేదు.

అదే 1945 వ్యాసాన్ని పట్టుకుని నీ రాకపోకలు చూడు. ఏపీఏ పద్ధతిలో (రావు, 1945) అని రాయాలి, నువ్వు ఉండాలి. ఎంఎల్ఏలో (రావు 81), నువ్వు ఉండకూడదు, సంవత్సరం కూడా అక్కర్లేదు, పుట చాలు. షికాగో వాళ్ల రచయిత-సంవత్సరం పద్ధతిలో (రావు 1945, 81), నువ్వు పేరును వదిలి పుటసంఖ్య ముందుకు జరిగావు. అదే షికాగోలో పాదసూచికలు వాడితే కింద పేరు మామూలు వరసలోనే ఉంటుంది, చివరి గ్రంథసూచిలోకి వెళ్లగానే తిరగబడి నిన్ను వెంట తెచ్చుకుంటుంది. ఈ బ్రాకెట్ల ఆచారానికి ఆద్యుడిగా హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మార్క్‌ను చెబుతారు. 1881లో గుల్లలేని ఒక తోటనత్త మీద రాసిన వ్యాసంలో మొదలుపెట్టాడట. ఆ నత్త నిదానంగా పాకుతూ మన పీహెచ్‌డీల దాకా వచ్చింది.

వైద్య పత్రికలు వాడే వాంకూవర్ పద్ధతి సంగతి మరీ విడ్డూరం. 1978లో ఆ ఊళ్లో సంపాదకులు కూర్చుని ఖాయం చేసుకున్నది. అందులో వరస అక్షరాలది కాదు, అంకెలది. వ్యాసంలో ఏది ముందొస్తే అదే ఒకటో నంబరు. అక్షరక్రమమే లేనప్పుడు పేరు తిప్పాల్సిన పనేముంది? అయినా తిప్పుతారు. నిన్నూ చుక్కల్నీ తీసేసి 'రావు సిఆర్' అంటారు. నువ్వు లేని చోట కూడా నీ పని జరిగిపోతోందన్నమాట. ఇంజనీర్ల ఐఈఈఈ పద్ధతి ఒక్కటే మనకు చుట్టం. పొడి అక్షరాలు ముందు, పేరు తర్వాత. 'సి.ఆర్. రావు'. మనవాళ్లు సంతకం చేసేదీ అలాగే.

న్యాయంగా మాట్లాడాలంటే నియమావళులు రాసినవాళ్లు మరీ అంత గుడ్డివాళ్లు కాదు. షికాగో మాన్యువల్‌లో భారతీయుల పేర్లకు విడిగా సూచనలున్నాయి. చైనావాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి అక్కడ నిన్ను పెట్టొద్దనీ చెబుతుంది. మావో జెడాంగ్ పక్కన నువ్వు కనిపించవు. వెల్చేరు నారాయణరావు పక్కన మాత్రం ఎందుకు? ఆ సూచనలున్న పుటలు తిరగేసేంత ఓపిక గైడుకూ లేదు, విద్యార్థికీ లేదు. అందరూ సాఫ్ట్‌వేర్ మీద భారం వేశారు. జొటేరోలో మొదటి పేరుకో గడి, చివరి పేరుకో గడి ఉంటాయి. రెండు గడుల్నీ కలిపి పేరంతా ఒకేచోట రాసే ఏర్పాటు పక్కనే ఉన్నా దాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. బిబ్‌టెక్ అయితే చివరి మాట ఏదైనా అదే ఇంటిపేరని తేల్చేస్తుంది. పేరు మొత్తాన్ని మీసాల బ్రాకెట్లలో పెడితే ముట్టుకోదు, ఆ చిట్కా తెలిసి ఉండాలి. ఇక తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాలంటావా, అను ఫాంట్లలో టైపు చేసిన జాబితాను కంప్యూటర్ మన అక్షరక్రమంలో పెట్టలేదు. యూనివర్సిటీ గేటు ఎదుట డీటీపీ చేసే కుర్రాడే చేత్తో సర్దుతాడు. చాలాసార్లు అతనే నయం. ఏది ఇంటిపేరో అతనికి తెలుసు.

పైనుంచి ఎవరైనా చూస్తారా అంటే అదీ లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం దాటితేనే గొడవ. ఆ లెక్క కట్టేటప్పుడు గ్రంథసూచిని పక్కన పెడతారు. కాపీ పట్టే యంత్రం చూడని భాగం కాబట్టి, రాసేవాళ్లకూ అది చూడనక్కర్లేని భాగమైపోయింది. ఏపీఏ ఏడో కూర్పు నుంచి, ముగ్గురు కలిసి రాసినా వ్యాసం లోపల మొదటివారి పేరొక్కటే రాసి తక్కినవాళ్లను 'తదితరులు' అనేయొచ్చు. ఆ ఒక్క పేరూ 'రెడ్డి' అనో 'దేవి' అనో మిగిలితే, ఏ రెడ్డిగారో ఏ దేవిగారో చదివేవాళ్లు ఊహించుకోవాలి. ఒకే ఇంటిపేరువాళ్లు ఇద్దరుంటే పొడి అక్షరాలు చేర్చమని ఏపీఏ అంటుంది. మన జాబితాలో ఒకే 'రెడ్డి' కింద చేరిన పదిమంది అసలు ఒకే ఇంటివాళ్లే కారు.

అమెరికా వెళ్లిన మనవాళ్లకు మరో తంటా. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పడుతుంది, అక్కడి వ్యాసాలు ఇంటిపేరు మీద వస్తాయి. హైదరాబాదులోనో వాల్తేరులోనో ఉండగా రాసినవి రావు, కుమార్ మీద ఉండిపోతాయి. ఒక మనిషి కృషి రెండు ఖాతాల్లో పడింది. పరిశోధకుడికి ఒక్కటిగా ఇచ్చే, 2012లో వచ్చిన ఆర్కిడ్ సంఖ్య, పదహారు అంకెలది, ఈ చీలికను కొంత అతుకుతుంది. అందులో నీకు చోటు లేదు. అంకెల మధ్య అడ్డగీతలే ఉంటాయి.

నిన్ను పూర్తిగా వెళ్లిపొమ్మనడం లేదు. రచయిత తన పుస్తకం అట్ట మీద ఇంటిపేరు ముందు రాసుకుంటే నువ్వు పక్కకు తప్పుకో. 'వెల్చేరు నారాయణరావు' వకారం కింద అలాగే ఉండనీ, ఇంగ్లీషులో వి కింద. పొడి అక్షరాలతో రాసుకున్నవాళ్లయితే పేరును నరకకుండా మొత్తం ముందు పెట్టి, ఆ తర్వాత నిలబడు. 'రాధాకృష్ణారావు, సి.' అని రాస్తే నాకు సమ్మతమే. ఇక (రావు 1945, 81)లో పుట ముందు నీ స్థానం నీదే, దాన్ని ఎవరూ అడగరు.